చందనం స్కిన్ మిస్ట్: బాటిల్ వెనక ఏముంది, చెట్టు పక్కన ఏముంది?

నమస్తే అండి. టేబుల్ మీద మూడు చందనం మిస్ట్ బాటిళ్లు ఉన్నాయి, అంటే ముఖం మీద చల్లుకునే స్ప్రేలు. మూడూ 100 ఎంఎల్. మూడింటి మీదా పెద్ద అక్షరాలతో చందనం అని ఉంది, రెండింటి మీద 'ప్రతి బాటిల్‌కీ ఒక మొక్క నాటుతాం' అని కూడా ఉంది. పేర్లు కనపడకుండా స్టిక్కర్లు అంటించాం. ఈ మూడింటిలో ఏది కొనాలన్నదాని కన్నా, రేపు షాపులో ఏ బాటిల్ చేతికొచ్చినా మీరే తేల్చుకోగలగడం ముఖ్యం.

ముందు వెనక్కి తిప్పండి. మొదటి బాటిల్‌లో ఏముంది? నీళ్లు, గ్లిజరిన్, పాలీసార్బేట్ 20, పర్ఫ్యూమ్, ఫినాక్సీఇథనాల్, రంగు. అంతే. చందనం శాస్త్రీయ నామం 'శాంటాలం' అన్న మాట ఎక్కడా లేదు. అసలు శ్రీగంధం ఉంటే శాంటాలం ఆల్బం అని రాస్తారు. ఆస్ట్రేలియా చందనమైతే శాంటాలం స్పైకాటం, హవాయి చందనమైతే శాంటాలం పానిక్యులేటం. 'వెస్ట్ ఇండియన్ శాండల్‌వుడ్' అని కనిపిస్తే అది అమైరిస్, చందనానికి చుట్టం కూడా కాదు. టెరోకార్పస్ శాంటాలినస్ అంటే మన శేషాచలం ఎర్రచందనం. దానికి రంగే కానీ శ్రీగంధం వాసన ఉండదు. ఎర్రచందనాన్నీ శ్రీగంధాన్నీ కలిపేసి 'మా చందనం' అనే ప్రకటనలు బోలెడు వస్తున్నాయి, జాగ్రత్త.

ఇప్పుడు ఈ బాటిల్ ఇలా ఊపుతున్నాను. నురగ చూడండి, నిమిషం దాటినా తగ్గలేదు. అది పాలీసార్బేట్ పని. నూనెనో సెంటునో నీళ్లలో కలిపి ఉంచడానికి వేస్తారు. తప్పు కాదు, కానీ ఇది చందనం నీళ్లు కాదు, సెంటు కలిపిన నీళ్లు.

రెండో బాటిల్‌లో మొదటి పేరే శాంటాలం ఆల్బం వుడ్ వాటర్, అంటే హైడ్రోసాల్. గులాబీకి పన్నీరు ఎలాగో చందనానికి ఇది అలాగ. చెట్టులో వాసనంతా చేవలోనూ వేళ్లలోనూ ఉంటుంది, పైనున్న తెల్లచెక్కలో ఉండదు. ఆ చేవని పొడి కొట్టి రెండు మూడు రోజుల పాటు ఆవిరి పట్టిస్తారు. ఆవిరి చల్లారాక నూనె ఒకవైపు, నీళ్లు ఒకవైపు విడిపోతాయి. ఆ నీళ్లే ఇవి. చందనానికి వాసననిచ్చే శాంటలాల్ నీళ్లలో కరిగేది చాలా తక్కువ. అందుకే మంచి హైడ్రోసాల్ మూత తీస్తే గుప్పుమనదు. మెత్తగా, కొంచెం తడి చెక్కలా, ఒక్కోసారి కాస్త మాడు వాసనలా ఉంటుంది. 'వాసన రావట్లేదు, మోసం' అని తిప్పి పంపేవాళ్లు నిజానికి అసలుదాన్నే తిప్పి పంపుతున్నారు. అగరుబత్తిలా ఘాటుగా ఉన్నదాన్నే అనుమానించాలి.

అయితే ముక్కు పరీక్షకీ ఒక హద్దుంది. కాగితం ముక్క మీద చల్లి మర్నాడు వాసన చూడండి అని చెప్తుంటారు. కృత్రిమ చందనం సెంట్లు కూడా కాగితం మీద రోజుల తరబడి నిలబడతాయి, కాబట్టి అది రుజువు కాదు. నూనె విషయంలో నమ్మదగ్గది జీసీ-ఎంఎస్ రిపోర్టు, అంటే నూనెలో ఏ పదార్థం ఎంతుందో ల్యాబులో కొలిచి ఇచ్చేది. ఐఎస్‌ఓ 3518 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం శ్రీగంధం నూనెలో ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలి. అడిగితే రిపోర్టు పంపే కంపెనీ వేరు, 'సహజం అండీ' అని సరిపెట్టే కంపెనీ వేరు.

ఇదే రెండో బాటిల్ నీళ్లలో, ఆమ్ల గుణం ఎంతో చూపే పీహెచ్ కాగితం ముంచుతున్నా. 5 దగ్గర చూపిస్తోంది. ఇది బాగుంది. ఇందులో పాడవకుండా వాడిన ప్రిజర్వేటివ్‌లు సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్. ఇవి పీహెచ్ 5.5 లోపు ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి. 7కి దగ్గరైతే ప్రిజర్వేటివ్ పేరుకే ఉన్నట్టు. కొన్ని వారాల్లో అడుగున దూది పోగుల్లాంటివి తేలతాయి. కనిపిస్తే పారబోయడమే, వడకట్టి వాడొద్దు. 'ప్రిజర్వేటివ్ అసలే లేదు' అని గొప్పగా రాసిన హైడ్రోసాల్ అయితే ఫ్రిజ్‌లోనే ఉంచాలి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టారంటే ఇక చెప్పక్కర్లేదు.

ముఖం మీద ఎలా వాడాలి? మాదాపూర్, గచ్చిబౌలి ఏసీ ఆఫీసుల్లో గంటకోసారి చల్లుకుంటారు, సాయంత్రానికి చర్మం ఇంకా బిగుసుకుపోతుంది. నీళ్లు ఆరిపోతాయి కదా, పట్టి ఉంచేది లేకపోతే అంతే. 20 సెంటీమీటర్ల దూరం నుంచి, కళ్లు మూసుకుని మూడు నాలుగు సార్లు చల్లండి. తడి ఆరకముందే, ఒక నిమిషం లోపు, మాయిశ్చరైజర్ రాయండి. కొత్త బాటిల్ ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి 48 గంటలు ఆగండి. చందనం నూనె పడనివాళ్లున్నారు. ఇంట్లో సాన మీద అరగదీసిన గంధాన్ని స్ప్రే బాటిల్‌లో పోసే పని మాత్రం చేయకండి. నాజిల్ మూసుకుపోతుంది, పైగా బోరు నీళ్లయితే రెండు రోజుల్లో వాసన మారుతుంది.

మూడో బాటిల్ హవాయి చందనం నూనెతో చేసింది. నీళ్లు, ఆల్కహాల్, ఆ తర్వాత నూనె. పొడి చర్మానికి నేను సూచించను, ఆల్కహాల్ రెండో స్థానంలో ఉంది. కానీ చెట్టు గురించి దీని లేబుల్ చెప్పినంత వివరంగా మిగతావి చెప్పలేదు, కాబట్టి కాస్త ఆగుదాం.

హవాయి పెద్ద దీవిలో పుట్టిన ఈ చెట్టుని అక్కడ ఇలియాహి అంటారు. 19వ శతాబ్దం మొదట్లో చైనాకి ఎగుమతి కోసం దాన్ని ఊడ్చేశారు. 1826లో ప్రతి మగవాడూ అర పికల్, అంటే సుమారు 30 కిలోల చందనం గానీ, నాలుగు స్పానిష్ డాలర్లు గానీ పన్ను కట్టాలని చట్టమే చేశారు. ఆ తర్వాత పశువులు మొలకల్ని మేశాయి, ఎలుకలు గింజల్ని తిన్నాయి. ఇప్పుడు అక్కడ అడవి తిరిగి రావాలంటే కంచె, ఎలుకల అదుపు, పక్కన కోవా అనే అక్కడి స్థానిక చెట్లు, ఈ మూడూ కావాలి.

కోవా ఎందుకు? ఇక్కడే అసలు విషయం. చందనం సగం పరాన్నజీవి. ఆకులతో ఆహారం తనే తయారుచేసుకుంటుంది, కానీ నీళ్లూ పోషకాలూ పక్క చెట్టు వేళ్లకి తన వేళ్లు అతికించి లాక్కుంటుంది. ఆ అతుకుల్ని హాస్టోరియా అంటారు. మన నర్సరీల్లో అందుకే చందనం మొక్క సంచిలోనే పొన్నగంటి కూరో కంది మొక్కో పెంచుతారు. పొన్నగంటి మరీ ఎదిగి చందనానికి నీడ పడితే కత్తిరించాలి, లేకపోతే చందనమే చస్తుంది. పొలంలో నాటాక కంది ఏడాదే ఉంటుంది. ఆలోపు కానుగో వేపో సరుగుడో పక్కన వేరూని ఉండాలి. లేకపోతే రెండో ఏడు ఆకులు పసుపుబారి, కొనలు ఎండుతూ పోతుంది. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లు. ఎర్రనేల, నీరు ఇంకిపోయే చోటు కావాలి.

కాబట్టి 'ఒక బాటిల్‌కి ఒక చందనం మొక్క' అన్నారంటే వెంటనే అడగండి: పక్కన ఏం నాటారు? మూడో ఏడాదికి ఎన్ని బతికాయి? 4 మీటర్ల దూరంలో నాటితే ఎకరాకి సుమారు 250 చెట్లు వస్తాయి, మధ్యలో సరుగుడు. అది తోట. నేనేమీ తప్పుపట్టను, రైతుకి ఆదాయం. కానీ దాన్ని స్థానిక అడవి పునరుద్ధరణ అనకూడదు. మన దక్కన్ అడవంటే మోదుగ, చండ్ర, రేల, తంగేడు, వాటి మధ్య చందనం. పండ్లు తిని గింజలు పడేసే కోకిలలు కూడా ఉండాలి. రోడ్ల పక్కన వేసిన కోనోకార్పస్ లెక్కలోకే రాదు, అది ఈ నేలది కాదు.

ఇంకో లెక్క. చేవ కట్టి కోతకి రావడానికి కనీసం 15 ఏళ్లు. 2020లో తోట పెట్టామనే కంపెనీ ఇప్పటి బాటిల్‌లో 'మా తోట చందనం' అని రాస్తే నమ్మొద్దు. ఆ చెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. కేరళ మరయూర్ లాంటి చోట అటవీ శాఖ వేలంలో కొన్నదా, అనుమతి ఉన్న రైతు దగ్గర కొన్నదా? మన దగ్గర కూడా సొంత చేనులోదైనా ఇష్టమొచ్చినట్టు నరికి తరలించడానికి లేదు, ట్రాన్సిట్ పర్మిట్ కావాలి. నూనె ఎక్కువ వేళ్లలో ఉంటుంది కాబట్టి కోతంటే నరకడం కాదు, వేళ్లతో సహా పెకలించడం. వేరు నేలలో వదిలితే మళ్లీ పిలకలొస్తాయి. 'చెట్టు తిరిగి మొలుస్తుంది' అని రాసిన కంపెనీని, వేరు వదిలారా తవ్వారా అని అడగండి.

మరి ఏది కొనాలి? ఏసీలో పనిచేసే పొడి చర్మానికి రెండోది. జిడ్డు చర్మమైతే మూడోదీ సరిపోతుంది. మొదటిది సెంటుగా బట్టల మీద చల్లుకోండి, ముఖానికి వద్దు. రెండోదాని లేబుల్ మీద 'మొక్క నాటుతాం' అనే ఉంది కానీ ఎక్కడ, దేని పక్కన అన్నది లేదు. ఆ రెండు ప్రశ్నలూ మేం కంపెనీకి రాశాం. జవాబు వచ్చిన రోజు, వచ్చింది వచ్చినట్టు ఈ వీడియో కిందే పెడతాం.