‘ట్రావెల్స్ విత్ మై ఆంట్’ రివ్యూ: పెద్దమ్మను చూద్దామని కూర్చుంటే అబ్బాయి నచ్చాడు

నమస్కారం. ఈసారి 1972లో వచ్చిన ఇంగ్లీషు హాస్య చిత్రం ‘ట్రావెల్స్ విత్ మై ఆంట్’ గురించి మాట్లాడుకుందాం. దీన్ని మా అమ్మతో కలిసి చూశాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పే పని నాది. ఆ పనిలో మొదటి సన్నివేశానికే ఇరుక్కుపోయాను.

లండన్‌లో హెన్రీ పుల్లింగ్ అనే బ్యాంకు మేనేజరు తల్లికి అంత్యక్రియలు జరుపుతున్నాడు. పెళ్లి కాలేదు. ఇంటి దగ్గర డేలియా పూల మొక్కలు పెంచుకుంటాడు. అతని జీవితంలో పెద్ద ఆందోళన ఏదైనా ఉందంటే, ఆ మొక్కలకు వేళకు నీళ్లు పోశామా లేదా అన్నదే. అలాంటి మనిషి ముందుకు ఎర్రటి జుట్టుతో, సున్నం కొట్టినట్టున్న ముఖంతో అగస్టా బెర్ట్‌రమ్ అనే ముసలావిడ వచ్చి నిలబడుతుంది. నేను నీకు ఆంట్‌ని అంటుంది. ఇక్కడే అమ్మ నన్ను ఆపింది. “ఆంట్ అంటే? మేనత్తా, పిన్నా, పెద్దమ్మా?”

ఇంగ్లీషు వాళ్లకు ఈ చిక్కు లేదు. ఆ ఒక్క మాటతో చుట్టాలందరినీ సరిపెట్టుకుంటారు. తల్లి తరఫు మనిషి, వయసులో పెద్దది అని లెక్క వేసుకుని “పెద్దమ్మ” అన్నాను. ఆ వెంటనే ఆవిడ ఇంకో బాంబు వేస్తుంది. ఇన్నాళ్లూ హెన్రీని పెంచిన తల్లి అతని కన్నతల్లి కాదట. అది కూడా తెలుగులో చెప్పాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అయితే కన్నతల్లి ఎవరో తెలిసిపోయింది, ఇక చూడు” అంది. పెద్దమ్మ అన్న మాటలోనే అమ్మ ఉంది కదా! నూట తొమ్మిది నిమిషాల సినిమాలో పదో నిమిషానికే పందెం కాసేసింది. గెలిచిందో లేదో నేను చెప్పను, మీరే చూడండి.

మూలకథ గ్రాహమ్ గ్రీన్ 1969లో రాసిన నవల. మన ఆర్.కె.నారాయణ్ తొలి నవలకు ఇంగ్లండులో ప్రచురణకర్తను వెతికి పెట్టింది ఈ గ్రీనే. ఆ లెక్కన మాల్గుడికి ఈయన దూరపు చుట్టం. అగస్టాతో పరిచయమైన కొద్దిసేపటికే హెన్రీ జీవితం తలకిందులవుతుంది. ఆవిడ ఇంట్లో వర్డ్స్‌వర్త్ అనే ఆఫ్రికా జ్యోతిష్యుడు ఉంటాడు. అతనే ఆమె ప్రస్తుత ప్రియుడు. పాత ప్రియుడు విస్కాంటీని ఎవరో ఎత్తుకుపోయారని, లక్ష డాలర్లు ఇస్తేనే వదులుతారని కబురొస్తుంది. కబురుతో పాటు ఒక తెగిన వేలు కూడా వస్తుంది. డబ్బు పుట్టించడం కోసం ఆవిడ హెన్రీని వెంటబెట్టుకుని పారిస్ బయలుదేరుతుంది. తాము దొంగచాటుగా డబ్బు దేశం దాటిస్తున్నామన్న సంగతి మాత్రం అతనికి చెప్పదు.

డబ్బు పట్టుకెళ్లడం నేరమెలా అవుతుందని ఇప్పటి వాళ్లకు అనుమానం రావచ్చు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో విదేశీ మారకం మీద గట్టి ఆంక్షలు ఉండేవి. 1966 నుంచి 1970 దాకా సెలవులకు విదేశాలకు వెళ్లేవాళ్లకు 50 పౌన్ల విదేశీ మారకం మాత్రమే ఇచ్చేవారు. తర్వాత పరిమితి పెంచినా, ఆంక్షలు పూర్తిగా ఎత్తేసింది 1979లోనే. మన దగ్గర కూడా విదేశం వెళ్లాలంటే డాలర్ల కోసం అనుమతి పత్రాల చుట్టూ తిరిగిన కాలం మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు హెన్రీ ఉద్యోగం ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. అలాంటి నిబంధనల మధ్యే బతుకు గడిపిన బ్యాంకు మేనేజరు, ఆ నిబంధనలనే తుంగలో తొక్కే ప్రయాణంలో మర్యాదగా పెద్దమ్మ పక్కన నడుస్తుంటాడు. ఈ సంగతి తెలిసి చూస్తే నవ్వు రెట్టింపవుతుంది.

అగస్టాగా వేసింది మ్యాగీ స్మిత్. హ్యారీ పోటర్ సినిమాల్లో ప్రొఫెసర్ మెక్‌గోనగల్ అంటే అందరికీ తెలుస్తుంది. ఈ పాత్రకు మొదట కాథరిన్ హెప్‌బర్న్‌ను అనుకున్నారు. అది కుదరక మ్యాగీ స్మిత్‌కు వచ్చింది. చూస్తున్నంతసేపూ నాకు వయసుల లెక్కే బుర్రలో తిరిగింది. ఆవిడ పుట్టింది 1934 చివర్లో, అంటే సినిమా విడుదలయ్యే నాటికి నలభై కూడా నిండలేదు. హెన్రీగా వేసిన అలెక్ మెక్‌కోవెన్ పుట్టింది 1925లో. కొడుకు వరసైన వాడు పెద్దమ్మ కంటే తొమ్మిదేళ్లు పెద్ద! కథ ప్రకారం మోదిగ్లియాని అనే చిత్రకారుడు యవ్వనంలో ఉన్న ఆవిడ బొమ్మ గీశాడు. ఆయన 1920లోనే చనిపోయాడు కాబట్టి 1972 నాటికి ఆవిడకు డెబ్బై దాటి ఉండాలి. అందుకే ముఖం నిండా ముడతలు, రంగు, విగ్గు.

ఇక్కడ చాలామందితో నాకు పేచీ. మ్యాగీ స్మిత్ ఈ సినిమాకు ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. బాగా నవ్వించింది, కాదనను. కానీ ముసలితనాన్ని మోసేటప్పుడు ఆ మోత కనిపిస్తుంది. చెయ్యి వణికితే, వణికించాలని వణికించినట్టుంటుంది. స్కూలు వార్షికోత్సవంలో పదో తరగతి అమ్మాయి జుట్టుకు పౌడరు రాసుకుని నాయనమ్మ వేషం వేస్తే ఉంటుందే, ఆ ఛాయ అక్కడక్కడా తగిలింది. యవ్వనపు జ్ఞాపకాల సన్నివేశాలు రాగానే ఆ బరువంతా దిగిపోయి ఆవిడ తేలిగ్గా ఎగిరిపోతుంది. అప్పుడే తెలుస్తుంది అసలు నటి ఎంత గొప్పదో.

పారిస్‌లో గార్ ద లియోన్ రైల్వే స్టేషన్‌లో ‘ల ట్రాన్ బ్లూ’ అని ఒక భోజనశాల ఉంది. 1901లో తెరిచారు. పైకప్పు నిండా బొమ్మలు, బంగారు పూత. ఈ సినిమాలో అది కనిపిస్తుంది. ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే మీ తప్పేమీ లేదు. మిస్టర్ బీన్ ఆల్చిప్పలూ పెద్ద రొయ్యలూ ముందు పెట్టుకుని నానా తంటాలు పడింది కూడా అక్కడే.

ఇక నాకు నచ్చిన అబ్బాయి. పెద్దమ్మ గోల చేస్తుంటే అందరి కళ్లూ ఆవిడ మీదే ఉంటాయి. రెండోసారి చూసేటప్పుడు ఆవిడను వదిలేసి పక్కన నిలబడ్డ హెన్రీని చూడండి. మెక్‌కోవెన్ గొంతు పెంచడు, కళ్లు పెద్దవి చేయడు, మన సినిమాల్లో అమాయకుడి పాత్రకు పెట్టే వెర్రి చూపు పెట్టడు. పారిస్ నుంచి టర్కీ వెళ్లే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైల్లో టూలీ అనే అమెరికా హిప్పీ పిల్ల అతనితో గంజాయి పీల్పిస్తుంది. ఇంకో నటుడైతే అక్కడ పిచ్చి గంతులు వేసేవాడు. ఇతను కొంచెం వదులవుతాడు, అంతే. ఇస్త్రీ చొక్కా మడత ఒకటి విప్పినట్టు. నన్ను కట్టిపడేసింది అదే. ఇలాంటి పెద్దమ్మ మా బంధువుల్లోనూ ఒకావిడ ఉండేది. రైలు ఎక్కితే దిగేలోపు ఎదుటి బెర్తు వాళ్లకు పెళ్లి సంబంధం కుదిర్చేది. ఆవిడ కథలు మేమందరం చెప్పుకుంటాం గానీ, పక్కన మూటలు మోస్తూ నోరు మెదపని పెదనాన్న గురించి ఎవరూ చెప్పరు. నిజానికి ఆవిడ అంత ధైర్యంగా ఊళ్లు తిరగగలిగింది టికెట్లు ఆయన జేబులో భద్రంగా ఉండబట్టే.

దుస్తులు రూపొందించిన ఆంథొనీ పావెల్‌కు ఆస్కార్ వచ్చింది. పెద్దమ్మ టోపీలనూ ఈకలనూ హెన్రీ ముదురు రంగు సూటునూ పక్కపక్కన చూస్తే కథ సగం అర్థమైపోతుంది. దర్శకుడు జార్జ్ క్యూకర్, ‘మై ఫెయిర్ లేడీ’ తీసినాయన. ఇది తీసేనాటికి డెబ్బై దాటాయి.

లోపాలూ ఉన్నాయి. అగస్టానూ హెన్రీనీ టర్కీ సరిహద్దు నుంచి వెనక్కి పంపించేశాక కథ కూడా వెనక్కి నడుస్తుంది. డబ్బు కోసం ఒకరి తర్వాత ఒకరిని పట్టుకునే ఘట్టాలు సాగాయి. వర్డ్స్‌వర్త్‌గా వేసిన లూయీ గాసెట్ జూనియర్ తర్వాత ఆస్కార్ గెలిచిన నటుడు. ఇక్కడ ఆయన్ను నవ్వులాటకు వాడుకుని, అవసరం తీరాక తోసేశారు. అగస్టా తోసేయడం పాత్ర స్వభావం, సరే. సినిమా కూడా అలాగే తోసేస్తే ఎలా? అది నాకు మింగుడు పడలేదు. నవలలో కథ దక్షిణ అమెరికాలోని పరాగ్వే దాకా వెళుతుంది. సినిమా అంత దూరం పోకుండా ఉత్తర ఆఫ్రికాలోనే ఆగిపోయింది. నవల చదివిన వాళ్లకు ఇది వెలితిగానే ఉంటుంది.

ముగింపు మాత్రం నాకు భలే నచ్చింది. ఇకపై ఏ దారి పట్టాలన్నది తేల్చడానికి నాణెం ఎగరేస్తారు. నాణెం గాల్లో ఉండగానే తెర నిశ్చలంగా ఆగిపోతుంది. బొమ్మా బొరుసా మనకు చెప్పరు. నేను ఆహా అనుకుంటూ పక్కకు తిరిగేసరికి, అమ్మ కళ్లజోడు సరిచేసుకుని మూలనున్న రౌటర్ వైపు చూస్తోంది.

“నెట్ పోయినట్టుంది, ఒకసారి ఆపి మళ్లీ పెట్టు” అంది.