ఢిల్లీ నేల ఎవరి చేతిలో ఉంది?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కావలిలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడతాడులే అనుకుని వచ్చినవాళ్లు నన్ను మన్నించాలి. "కావలిలో కూర్చుని ఢిల్లీ పరిపాలన గురించి మనకెందుకు సామీ?" అని పొద్దున టీకొట్టు దగ్గర ఒకాయన అడగనే అడిగాడు. నేను మున్సిపాలిటీల్లో చాకిరీ చేసి రిటైరైనవాణ్ణి. ఏ ఊరికి పోయినా కాలువలు, చెత్తకుండీలు చూసే పిచ్చి ఇంకా వదల్లేదు. అంతకు మించి కారణం లేదు.

మొన్న వానాకాలంలో ఢిల్లీలో మా అమ్మాయి దగ్గర రెండు నెలలున్నాను. వాళ్ల సందు చివర సైడుకాలువ పూడిపోయి నీళ్లు మెట్టు దాకా వచ్చాయి. నల్లటి నీళ్లు. మీద బిస్కెట్ కవర్లు, ఒంటి రబ్బరు చెప్పు తేలుతున్నాయి. పాత అలవాటు ఊరుకోదు కదా, ఒక కర్ర పెట్టి లోతు చూశాను. జానెడు కూడా దిగలేదు, అడుగంతా గట్టిపడిన పూడిక. ఫోన్లు మొదలుపెట్టాం. సందులో కాలువ మాదే, అది కలిసే పెద్దరోడ్డు కాలువ మాది కాదు అన్నారు ఒకరు. పెద్దరోడ్డు వాళ్లేమో, కాలువ మాదేగానీ అందులోకి మురుగు వదిలే లైను వేరేవాళ్లది అన్నారు. మట్టి కొట్టుకొస్తున్నది పక్కనున్న ఖాళీ స్థలం నుంచి, దాని సొంతదారు నాలుగో ఆఫీసు. "నాన్నా, ఇక్కడింతే. నువ్వు టెన్షన్ పడకు" అంది మా అమ్మాయి. నాలుగో రోజు సందులోవాళ్లు తలా కాస్త వేసుకుని, కూలీలను పెట్టి తీయించారు.

ఆ నాలుగు ఆఫీసుల వాళ్లనూ నేను తప్పుపట్టను. ఊరిని చట్టమే అట్లా ముక్కలు కోసింది. ఢిల్లీ మొత్తం 1,483 చదరపు కిలోమీటర్లు. అందులో పార్లమెంటు, రాష్ట్రపతి భవన్, మంత్రుల బంగళాలు ఉండే సుమారు 43 చదరపు కిలోమీటర్లు న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్‌ది. దానికి వార్డు ఎన్నికలు లేవు, ఛైర్మన్‌ను కేంద్రమే వేస్తుంది. కంటోన్మెంటు రక్షణ శాఖ కింద. మిగిలినదంతా 250 వార్డుల కార్పొరేషన్. 2012లో దాన్ని మూడు చేశారు, 2022లో పార్లమెంటు చట్టం చేసి మళ్లీ ఒకటి చేసింది. రోడ్డు వెడల్పు 60 అడుగులకు చేరిందా, అది ఢిల్లీ ప్రభుత్వ పీడబ్ల్యూడీ ఖాతాలోకి పోతుంది. మంచినీళ్లు, మురుగు లైన్లు జల్ బోర్డువి. ఇక ఖాళీ స్థలం ఉంది చూశారూ, దాని దగ్గర కాసేపు ఆగుదాం.

మున్సిపాలిటీలో పనిచేసినవాడెవడైనా ఒకటి చెబుతాడు. పోరంబోకు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్లది. ఢిల్లీలో ఆ చెయ్యి ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ. 1957 చట్టంతో పుట్టింది. దానికి ఛైర్మన్ కేంద్రం పంపే లెఫ్టినెంట్ గవర్నర్, పైన కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ. మాస్టర్ ప్లాను వేసేది వాళ్లే. ఢిల్లీ ప్రభుత్వం ఒక బడి కట్టాలన్నా, ఆస్పత్రి కట్టాలన్నా స్థలం కోసం వాళ్ల గుమ్మం ఎక్కాల్సిందే. మన చవటపాలెం వెంకయ్యనాయుడు గారు 2014 నుంచి 2017 దాకా ఆ శాఖ మంత్రి. మొదట కర్ణాటక నుంచి, తర్వాత రాజస్థాన్ నుంచి రాజ్యసభకు వెళ్లిన నెల్లూరాయనకు ఢిల్లీ భూమి మీద ఉన్న అధికారం, ఢిల్లీ జనం ఓటేసి గెలిపించిన ముఖ్యమంత్రికి లేదు. ఆయన్ని అనడం లేదు, ఏర్పాటే అది.

భూమితో పాటు పోలీసు, శాంతిభద్రతలు. ఈ మూడింటి మీద ఢిల్లీ శాసనసభ చట్టం చేయడానికి లేదని రాజ్యాంగంలోని 239ఏఏ అధికరణం చెబుతోంది. మన గోదావరి జిల్లాల మధ్య ఉన్న యానాం సంగతి చూడండి. అదీ పుదుచ్చేరిలో భాగంగా కేంద్రపాలిత ప్రాంతమే. కానీ అక్కడి శాసనసభకు ఈ మూడు విషయాల మీదా నిషేధం లేదు. ఢిల్లీకే ఉంది, రాజధాని కాబట్టి.

రాజధాని అంటే ఎందుకంత భయం? దీని వెనక అమెరికా వాళ్ల కథ ఒకటుంది. 1783లో ఫిలడెల్ఫియాలో జీతాలందని సైనికులు వాళ్ల కాంగ్రెస్ సమావేశమైన భవనాన్ని చుట్టుముట్టారు. రాష్ట్ర బలగాలను పిలిపించండి అంటే పెన్సిల్వేనియా ప్రభుత్వం పిలవలేదు. సభ్యులు ఊరు వదిలి పోవాల్సివచ్చింది. అద్దె ఇంట్లో ఉంటే ఇంటివాడి దయ మీద బతకాలని అప్పుడు అర్థమైంది వాళ్లకు. రాజ్యాంగం రాసేటప్పుడు రాజధానికి విడిగా ఒక జిల్లా, దాని మీద పూర్తి అధికారం కాంగ్రెస్‌కే అని రాసుకున్నారు. మన రాజ్యాంగ సభలోనూ ఇదే వాదన నడిచింది. 1947లో ఢిల్లీకి శాసనసభ, లెఫ్టినెంట్ గవర్నర్ ఉండాలని సిఫారసు చేసిన కమిటీకి అధ్యక్షుడు మన పట్టాభి సీతారామయ్య గారు. రాజధాని మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుకే ఉండాలని అంబేద్కర్ అభ్యంతరం చెప్పారు.

ఆ తర్వాత జరిగింది ఇస్తూ తీసుకోవడం, తీసుకుంటూ ఇవ్వడం. 1952లో 48 మందితో శాసనసభ ఇచ్చారు, 1956లో తీసేశారు. 1966 చట్టంతో మెట్రోపాలిటన్ కౌన్సిల్ పెట్టారు, అది సలహా చెప్పగలదేగానీ చట్టం చేయలేదు. 1991లో 69వ సవరణ వచ్చాక 1993లో 70 మంది శాసనసభ వచ్చింది. రాష్ట్ర హోదా బిల్లు 2003లో పార్లమెంటుకు వచ్చింది, అక్కడే ఆగింది.

ఇదంతా మనకు సంబంధం లేని గొడవ అనుకోకండి. ఆంధ్ర రాష్ట్రం కావాలంటే మద్రాసు వదులుకోవాలని 1949లో చెప్పిన జేవీపీ కమిటీలో 'పీ' అంటే ఈ పట్టాభి గారే. మన జిల్లాకు పేరైన పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న మద్రాసులో నిరాహారదీక్షలో ప్రాణం వదిలారు. మరుసటి ఏడు రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం రాలేదు. కర్నూలులో డేరాలు వేసుకున్నాం. మొన్నటికి మొన్న 2014 విభజన చట్టంలో ఎనిమిదో సెక్షన్ చూడండి. ఉమ్మడి రాజధానిలో శాంతిభద్రతల బాధ్యత గవర్నర్‌కు అప్పజెప్పారు. ఢిల్లీ మందును హైదరాబాద్‌కు ఒక చెంచా పోశారన్నమాట. ఆ సెక్షన్ అమలు చేయాలని ఒక ప్రభుత్వం, కుదరదని ఇంకో ప్రభుత్వం కీచులాడుకోవడం మీరంతా టీవీల్లో చూసిందే.

ఉద్యోగుల సంగతి నాకు బాగా దగ్గరి విషయం. ట్రాన్స్‌ఫర్ చేసే చెయ్యి ఎవరిదో ఉద్యోగి చూపు అటే ఉంటుంది. నేనూ అట్నే ఉన్నాను, అబద్ధమెందుకు? కమిషనర్ గారు ఒకటి, ఛైర్మన్ గారు ఇంకొకటి చెప్పినప్పుడు నేను కమిషనర్ గారి ఫైలే ముందు కదిలించేవాణ్ణి. ఢిల్లీలో అధికారుల మీద పెత్తనం ఎవరిదన్న కేసులో 2023 మే 11న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్, ఆ మూడు విషయాలు పోగా మిగతా శాఖల అధికారులు ఎన్నికైన ప్రభుత్వం కిందే ఉండాలని తీర్పిచ్చింది. ఎనిమిది రోజుల్లో, మే 19న, కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆగస్టులో అదే చట్టమైంది. దాని ప్రకారం బదిలీలు సిఫారసు చేసే కమిటీలో ముగ్గురుంటారు: ముఖ్యమంత్రి, చీఫ్ సెక్రటరీ, హోం ప్రిన్సిపల్ సెక్రటరీ. మెజారిటీ మాటే నెగ్గుతుంది. అంటే ఇద్దరు అధికారులు చెయ్యెత్తితే ముఖ్యమంత్రి ఓడిపోతాడు. లెఫ్టినెంట్ గవర్నర్‌కు నచ్చకపోతే చివరి మాట ఆయనది. మన మున్సిపల్ కౌన్సిల్లో కూడా ఇంత చిత్రం చూడలేదబ్బా నేను! పైనా కిందా ఒకే పార్టీ ఉన్నప్పుడు ఈ గొడవ వినపడదు. వినపడనంత మాత్రాన చట్టం మారినట్టు కాదు.

నా మటుకు నాకు, ఫిలడెల్ఫియా భయం నిజమైనదే. పార్లమెంటు గేటు దగ్గర ఎవరు కాపలా ఉండాలో పార్లమెంటే చూసుకోవాలి. కానీ ఆ భయానికి 43 చదరపు కిలోమీటర్లు చాలు. మా అమ్మాయి ఉండే సందులో రాష్ట్రపతి లేరు, రాయబారులు లేరు. ఆ ఖాళీ స్థలం మట్టి కేంద్ర ప్రభుత్వ గుప్పిట్లో ఉండాల్సిన అవసరమేమిటో నాకు ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. దీన్ని ఒప్పుకోనివాళ్లు సభలో ఉన్నారని వెనక బెంచీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. అడగండి, వాదించుకుందాం. ఎనిమిదింటికల్లా లైబ్రేరియన్ గారు తాళం వేసుకోవాలి, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.