కొండ మీద పొగ, వంటింట్లో నిప్పు: తర్కం గుర్తుండిపోయేలా

[తెర మీద: దూరంగా ఒక కొండ, దాని మీంచి లేస్తున్న పొగ]

ఈ బొమ్మను ఒక్క క్షణం చూడండి. పొగ కనిపిస్తోంది, నిప్పు కనిపించడం లేదు, అయినా అక్కడ నిప్పుందని మీరు ఈపాటికే అనేసుకున్నారు. కంటితో చూడనిదాన్ని అంత ధీమాగా ఎలా అన్నారు? న్యాయ దర్శనం, అంటే తర్కాన్నే ప్రధానంగా పట్టుకున్న మన పాత తత్వశాస్త్ర శాఖ, దాని వాళ్లు వందల ఏళ్లు పట్టుబట్టి ఆలోచించిన ప్రశ్న ఇదే.

నాకు మొదట్లో దీన్ని ఎవరూ ఇలా చెప్పలేదు. వ్యాప్తి, హేతువు, పక్షం అని నిర్వచనాలు బట్టీ పట్టాను, పరీక్ష అయిన వారానికి ఒక్క ముక్క మిగల్లేదు. చాలా ఏళ్ల తర్వాత అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం తెరిచాను. 17వ శతాబ్దం మనిషి, మన తెలుగువాడు. ఎందుకు రాస్తున్నాడో మొదటి శ్లోకంలోనే చెప్పేశాడు: "బాలానాం సుఖబోధాయ", అంటే కొత్తగా నేర్చుకునేవాళ్లకు తేలిగ్గా అర్థం కావడానికి. అంత గట్టి శాస్త్రం చదివినాయన ముందుగా ఈ మాట అనుకున్నాడంటే నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ.

[తెర మీద: కొండ పక్కన కట్టెల పొయ్యి]

ఇప్పుడు ఆయన చెప్పిన వాదన వినండి. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఎక్కడుంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. అయిపోయింది, ఐదే మాటలు. వీటికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని పేర్లు, పేర్లు తర్వాత నేర్చుకున్నా ఫర్వాలేదు. దీన్నంతటినీ కలిపి అనుమానం అంటారు. మనం మామూలుగా అనే అనుమానం, అంటే సందేహం కాదిది, తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాన్ని తేల్చుకోవడం.

ఇందులో నన్ను కట్టిపడేసింది వంటిల్లు. చూడండి, ఉదాహరణ అనేది అర్థం కానివాళ్ల కోసం చివర్లో తగిలించిన తోక కాదు, వాదనలోనే ఒక భాగం, అది లేకుండా ఎదుటివాడి ముందు వాదన పూర్తయినట్టు న్యాయ దర్శనం వాళ్లు లెక్కవేయరు. పొగకీ నిప్పుకీ ఎప్పుడూ విడిపోని ఆ సంబంధమే వ్యాప్తి, దాన్ని నువ్వు ఎక్కడ చూశావో చూపించాలి. మన గ్యాస్ పొయ్యిలో ఇది కనిపించదు, అందుకే తెర మీద కట్టెల పొయ్యి పెట్టాను.

"లోకంలో పొగలన్నీ నువ్వు చూశావా?" అని చార్వాకులు, అంటే కంటికి కనిపించిందే నమ్ముతామనే పాతకాలం తాత్వికులు, ఇక్కడే గట్టిగా నిలదీశారు. మంచి ప్రశ్న, దానికి వేరే వీడియో చేస్తాను.

[తెర మీద: ఎర్రగా కాలిన ఇనుప ముద్ద]

సరే, ఇప్పుడు తిరగేద్దాం. నిప్పుంది కాబట్టి పొగ ఉంటుంది, అనొచ్చా? ఈ ఇనుప ముద్దను చూడండి. నిప్పు కణకణలాడుతోంది, పొగ లేదు. మరి పొగ ఎప్పుడొస్తుంది? నిప్పుకి పచ్చి కట్టె తగిలినప్పుడు. వానాకాలంలో మా అమ్మమ్మ తడిసిన కట్టెలు పొయ్యిలో పెట్టి, కళ్లలో నీళ్లు కారుతుంటే గొట్టంతో ఊదుతూ ఉండేది, ఆ పొగకి కారణం ఉత్త నిప్పు కాదు, ఆ తడి. వాదనలో చెప్పకుండా చాటుగా ఉండిపోయిన ఇలాంటి షరతునే ఉపాధి అన్నారు. ఉద్యోగం అనే అర్థంలో మనం వాడే ఉపాధి వేరు, ఇది వేరు. నిర్వచనం చదివితే నాలుగు పేజీల టెన్షన్, తడి కట్టె గుర్తుంటే చాలు.

దీన్ని ఇప్పుడు మన ఊళ్లో వాడి చూడండి. కోచింగ్ సెంటర్ల హోర్డింగ్‌లు చూస్తుంటారు కదా, వరసగా పిల్లల ఫోటోలు, కింద ర్యాంకులు. మా దగ్గర చదివారు కాబట్టి ర్యాంకులొచ్చాయి అని వాదన. ఒకవేళ ముందే పరీక్ష పెట్టి బాగా చదివేవాళ్లనే ఆ సెక్షన్‌లోకి తీసుకుని ఉంటే? తడి కట్టె ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. ఫీజు కట్టేముందు మీ ఇంట్లోవాళ్లకి ఈ ఒక్క ప్రశ్న చెప్పండి, నిజంగా చెప్పండి.

ఈ స్క్రిప్ట్ రాస్తూ మా అక్క కూతురికి వినిపించాను, దానికి పదేళ్లు. కొండ, పొయ్యి, ఇనుప ముద్ద, మూడూ కాగితం మీద గీసుకుంది. ఆ మూడు బొమ్మలూ చూసుకుంటూ మొత్తం వాదన నాకే తిరిగి చెప్పింది. చెప్పాక కాసేపు ఆగి, "మామయ్యా, అది పొగ కాకుండా పొగమంచైతే?" అంది.

[తెర మీద: మొదటి కొండ, ఈసారి తెల్లవారుజామున]

హేతువు, అంటే మనం కారణంగా చూపించిన పొగ, అసలక్కడ లేకపోతే వాదన మొదట్లోనే కూలిపోతుంది. దానికి అసిద్ధం అని పేరుంది. పేరు నేను చెప్పాను, తప్పు మాత్రం ఆ పిల్లే పట్టుకుంది.