నాది ఎవరిని అడిగి పందెం కట్టాడు?

(మా ఊరి శాఖా గ్రంథాలయంలో వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, వారం రోజులుగా పిల్లల్ని కూర్చోబెట్టి పుస్తకాలు చదివిస్తున్న లైబ్రేరియన్ గారికి, కుర్చీలు చాలక కాలవగట్టు మీద నిలబడ్డ అన్నదమ్ములకు, ముందు వరసలో కూర్చున్న నా పాత విద్యార్థినులకు, వాళ్ల పిల్లలకు, అందరికీ నమస్కారం. ఈ లైబ్రరీలో నేను ఏడో తరగతి నుంచి చదివాను. తర్వాత ముప్పై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పాను. ఇక్కడ మాట్లాడమని పిలవడం నాకు పుట్టింటి పిలుపులాంటిది.

నాకిచ్చిన విషయం 'ఇతిహాసాల్లో స్త్రీ పాత్రలు, రాజకీయాలు, విధి'. కైక దగ్గర మొదలుపెట్టి గాంధారి దాకా వరసగా చెబుదామని ఆరు కాగితాలు రాసుకొచ్చాను. కానీ ఇందాక మాట్లాడిన పెద్దాయన ఒక మాటన్నారు. "ద్రౌపది నవ్వింది, కురుక్షేత్రం జరిగింది" అని. సభంతా చప్పట్లు కొట్టింది. వారి మీద నాకు కోపం లేదండీ. నాటకాల్లో, సినిమాల్లో మనమందరం విన్నది అదే. కానీ ఆ మాట విన్నాక నా కాగితాల వరస నాకే నచ్చడం లేదు. ముందు ఆ నవ్వు సంగతి తేల్చుకుందాం.

మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడ్డాడు. ఎవరు నవ్వారు? సంస్కృత మూలంలో కవి తన మాటగా చెప్పినప్పుడు భీముడు నవ్వాడంటాడు, పనివాళ్లు నవ్వారంటాడు, అర్జునుడూ నకుల సహదేవులూ నవ్వారంటాడు. అక్కడ ద్రౌపది పేరు లేదు. మరి ఎక్కడుంది? దుర్యోధనుడు హస్తినాపురం తిరిగొచ్చి తండ్రి దగ్గర కూర్చుని చెప్పుకునే ఫిర్యాదులో ఉంది. ద్రౌపది కూడా ఆడవాళ్లతో కలిసి నవ్వింది, నా మనసు కుమిలిపోయింది అంటాడు. అంటే సాక్ష్యం ఎవరిది? అవతలివాళ్ల సంపద చూసి నిద్రపట్టనివాడిది. ఇక "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడు" అని ద్రౌపది అన్నట్టు చెబుతారే, ఆ మాట ఆమె నోట మూలంలో లేదు. పనివాళ్లతో సహా అంతమంది నవ్వితే, యుద్ధం మాత్రం ఆవిడ నవ్వు వల్లే వచ్చిందట. నాకు బాధ కలిగించేది ఇదే. ఆవిడ అడిగిన ప్రశ్నను వదిలేశాం, ఆవిడ నవ్విందో లేదో తెలియని నవ్వును పట్టుకున్నాం.

ప్రశ్న దగ్గరికి వస్తాను. దానికి ముందు సత్యవతి గురించి చెప్పాలి. ఆవిడ లేకపోతే ఆ సభే లేదు.

మనకు రేవంటే ఏమిటో, పడవంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. వంతెనలు రాకముందు గోదావరి పాయలు గౌతమి దాటాలన్నా వశిష్ఠ దాటాలన్నా పడవ, పంటే దిక్కు. సత్యవతి అలాంటి రేవులో పడవ నడిపిన పిల్ల. నది యమున, అంతే తేడా. శంతన మహారాజు వచ్చి పిల్లనిమ్మని అడిగితే, ఆ పల్లెకారుల పెద్ద దాశరాజు ఒక షరతు పెట్టాడు. నా కూతురి కడుపున పుట్టినవాడే రాజు కావాలి. రాజు నోట మాట రాక వెనక్కి వెళ్లిపోయాడు. తర్వాత రాజు కొడుకు దేవవ్రతుడు వచ్చి రాజ్యం వద్దన్నాడు. నీ పిల్లలు గొడవ చేస్తే? అని దాశరాజు మళ్లీ అడిగాడు. అప్పుడు పెళ్లే వద్దన్నాడు, భీష్ముడయ్యాడు. భారతంలో ఒక పెద్ద రాజకీయ ఒప్పందం రేవులో జరిగింది. అయితే అక్కడ మాట్లాడింది తండ్రి. సత్యవతి గొంతు మనకు తర్వాత వినిపిస్తుంది. కొడుకులిద్దరూ పోయి, సింహాసనం ఖాళీ అయి, కోడళ్లు పిల్లలు లేక మిగిలినప్పుడు.

అప్పుడావిడ భీష్ముణ్ణి పిలిచి, నువ్వు పెళ్లి చేసుకో, రాజ్యం ఏలు అంది. ఎవరి హక్కు తనవల్ల పోయిందో అతన్నే అడిగింది. అతను ప్రతిజ్ఞ తప్పనన్నాడు. అప్పుడు, పెళ్లికి ముందు నాకొక కొడుకు పుట్టాడు, వ్యాసుడు, అతన్ని పిలుస్తాను అని తన రహస్యం తనే విప్పింది. కోడళ్ల ఇష్టాయిష్టాలు ఆవిడ పట్టించుకోలేదు. అది తప్పే, నేను వెనకేసుకురాను. కానీ ధైర్యం చూడండి. రెండు తరాల తర్వాత అదే ఇంట్లో కుంతికీ అలాంటి రహస్యమే ఉంది. ఆవిడ దాచుకుంది. యుద్ధం ముంగిట్లోకి వచ్చాక కర్ణుడికి చెప్పింది, కర్ణుడు పోయాక ధర్మరాజుకు చెప్పింది. ధర్మరాజు ఏం చేశాడు? ఆడవాళ్ల దగ్గర రహస్యం నిలవకుండుగాక అని శపించాడు. ఆడవారి నోట్లో నువ్వుగింజ నానదని మనం సామెత చెప్పుకుంటాం. కుంతి నోట్లో ఆ గింజ కర్ణుడి జీవితమంతా నానిందమ్మా! దాచినందుకు వచ్చిన కోపం, దాచలేరన్న శాపంగా మారింది.

ఇంకొక్క మాట చెప్పి సత్యవతిని వదిలేస్తాను. "గతకాలము మేలు వచ్చుకాలము కంటెన్" అంటుంటాం కదా. పెన్షన్ ఆలస్యమైతే అంటాం, కొబ్బరి ధర పడిపోతే అంటాం. మన పక్కనున్న రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో, 11వ శతాబ్దంలో నన్నయ రాసిన పద్యం చివరి పాదం అది. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో తెలుసా? పాండురాజు పోయాక వ్యాసుడు తన తల్లి సత్యవతితో అన్నాడు. అమ్మా, ఇక రాబోయేవి మంచి రోజులు కావు, ఇవి నువ్వు చూడొద్దు అని. ఆవిడ కోడళ్లిద్దర్నీ తీసుకుని అడవికి వెళ్లిపోయింది. రేవులో పెట్టిన షరతుతో నిలబడిన వంశం కూలిపోబోతోందని మొదట తెలిసింది ఆవిడకే. ఆ పాదం మన నాలుక మీద ఉండిపోయింది. అది విన్న ముసలి తల్లి పేరు జారిపోయింది.

ఇప్పుడు జూదం. ధర్మరాజు వరసగా అన్నీ ఒడ్డాడు, తమ్ముళ్లను ఒడ్డాడు, తనను తాను ఒడ్డి ఓడాడు, ఆ తర్వాత ద్రౌపదిని ఒడ్డాడు. సభకు రమ్మని దుర్యోధనుడు ప్రాతికామి అనే సేవకుణ్ణి పంపాడు. ఆవిడ ఏడవలేదు, రానని తలుపు వేసుకోలేదు. వెళ్లి ఆ జూదరిని అడుగు, ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? అంది. తనే దాసుడైపోయినవాడికి నన్ను ఒడ్డే అధికారం ఎక్కడిది అని. ధర్మరాజు ప్రాణం లేనివాడిలా కూర్చున్నాడు. ఆవిడ సభలోకి లాక్కురాబడ్డాక కూడా అదే అడిగింది. భీష్ముడు ధర్మం సూక్ష్మం, చెప్పలేనన్నాడు. విదురుడు, కౌరవుల్లోనే వికర్ణుడు ఆవిడ వైపు మాట్లాడారు, మిగతా పెద్దలు నోరు విప్పలేదు.

ఈ చోట నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. చెప్పొచ్చో లేదో అని ఇన్నాళ్లూ ఏ సభలోనూ చెప్పలేదు. ఇవాళ చెబుతాను.

మా అమ్మమ్మకు పసుపు కుంకుమ కింద వాళ్ల నాన్న 70 సెంట్ల కొబ్బరితోట ఇచ్చాడు. మా తాతయ్య మంచివాడే. కానీ సంక్రాంతి వస్తే మనిషి మారిపోయేవాడు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు, భోగి నాడు కోడిపందేల బరి దగ్గర డేగ పుంజు మీద పందెం కట్టాడు. పోయింది. పై పందెం కట్టాడు. అదీ పోయింది. సాయంత్రానికి నోటిమాటగా ఆ తోట కట్టేశాడు. కనుమ వెళ్లిన మర్నాడు పెద్దమనుషులు స్టాంపు కాగితంతో మా ఇంటికొచ్చారు. అరుగు మీద ఆరుగురు కూర్చున్నారు. తాతయ్య తల దించుకుని స్తంభానికి ఆనుకున్నాడు.

అమ్మమ్మకు చదువు రాదు. కానీ రామకోవెలలో ఏటా భారతం చెబుతుంటే కూర్చుని విన్న మనిషి. గుమ్మంలోకి వచ్చి నిలబడి అడిగింది. "ఆయనది ఆయన కట్టుకున్నాడు, సరే. నాది ఎవరిని అడిగి పందెం కట్టాడు?"

ఎవరూ మాట్లాడలేదు. నేను ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఉన్నాను, ఆరు ముఖాలూ చూశాను. కాసేపటికి ఒక పెద్దాయన, "అమ్మా, నువ్వన్నది నిజమే. కానీ పదిమందిలో మగాడి మాట పోకూడదు కదా" అన్నాడు. నువ్వన్నది నిజమే అన్నాడు, విన్నారా? నిజమేనని తెలిసి కూడా కాగితం ముందుకు జరిపాడు. అమ్మమ్మ వేలిముద్ర వేసింది. ఆ తోట మా దొడ్డికి ఆనుకునే ఉండేది. దింపు తీసేటప్పుడు కాయలు దబ్‌మని పడుతుంటే, ఆవిడ వంటింట్లో కూర్చుని లెక్కపెట్టేది. పైకి కాదు, పెదవులు కదిలేవి. పోయేదాకా లెక్కపెట్టింది.

స్త్రీ ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు అని 1956 చట్టం అప్పటికే చెప్పింది. అరుగు మీద కూర్చున్నవాళ్లలో ఇద్దరు చదువుకున్నవాళ్లే. వాళ్ల పేర్లు చెప్పను. వాళ్ల మనవలు ఈ సభలో ఉండొచ్చు, పిల్లలకేం తెలుసు.

తారామతి... కాదు, తార గురించి చెప్పాలి. కిష్కింధలో వాలి భార్య. సుగ్రీవుడు ఓడిపోయినవాడు మళ్లీ వచ్చి గర్జిస్తున్నాడంటే వెనక ఎవరో ఉన్నారు, అంగదుడు వేగులవాళ్ల ద్వారా విన్నాడు, రాముడితో స్నేహమైంది, వెళ్లకు అని వాలికి చెప్పింది. వాలి వినలేదు. అంత తెలివైన మంత్రి కిష్కింధలో ఇంకొకరు లేరు. ఆవిడకు రెండు కాగితాలు కేటాయించుకున్నాను, టైం లేదు. గాంధారి నిండు సభలో మొగుణ్ణి, కొడుకు దుర్మార్గం తెలిసీ వాడి వెనకే వెళ్లావు, ఈ తప్పు నీది అనడం కూడా ఉద్యోగపర్వంలో చదువుకోండి.

ద్రౌపది దగ్గరికే వస్తాను. చివరికి ధృతరాష్ట్రుడు భయపడి వరాలు కోరుకోమన్నాడు. ఆవిడ రాజ్యం అడగలేదు. మొదటి వరంగా ధర్మరాజుకు దాస్యం పోవాలంది, నా కొడుకు ప్రతివింధ్యుణ్ణి ఎవరూ దాసుడి కొడుకు అనకూడదని. రెండో వరంగా మిగతా నలుగురిని రథాలతో, ఆయుధాలతో విడిపించమంది. ఆయుధాలతో! అంత అవమానంలోనూ ఆ మాట మరవలేదు. మూడోది కోరుకోమంటే వద్దంది, లోభం ధర్మాన్ని చెరుస్తుందని. అప్పుడు కర్ణుడు, అంతవరకూ ఆవిడను నానా మాటలూ అన్న ఆ కర్ణుడే, నీళ్లలో మునిగిపోతున్న పాండవులకు ఈ పాంచాలి పడవైంది, ఒడ్డుకు చేర్చింది అన్నాడు. సత్యవతి పడవ నడిపింది. ద్రౌపది తనే పడవైంది. ఈ రెండు పడవల మీద నిలబడ్డ వంశాన్ని పట్టుకుని, ఆడదాని నవ్వుతో నాశనమైందని ఎలా అంటామండీ?

మన డెల్టాలో ఈ కథలు విని ఊరుకోనివాళ్లూ ఉన్నారు. ద్రాక్షారామం ఆడపడుచు దువ్వూరి సుబ్బమ్మ గారు చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, సంస్కృతం, పురాణాలు చదువుకుని, ఆ చదువుతోనే సభల్లో మాట్లాడి, సహాయ నిరాకరణ రోజుల్లో 1922లో జైలుకు వెళ్లారు. ఆవిడ పుట్టిన గడ్డ మనది.

అమ్మా, మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎంతమంది పేరు మీద పట్టాదారు పాసుపుస్తకం ఉంది? చేతులెత్తండి. సిగ్గుపడకండి. నేను లెక్కపెడతాను. ఒకటి, రెండు, మూడు... ఏడు. ఇంతమందిలో ఏడు. కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఏడేనా!

ఇంకో మాట. పెద్దలు కోపగించుకోకూడదు. మన సర్పంచ్ గారు మూడో వరసలో కూర్చున్నారు. వేదిక మీద సర్పంచ్ గారి కుర్చీలో వాళ్లాయన ఉన్నారు. బాబూ, నువ్వు నా దగ్గరే చదువుకున్నావు, నా మాట కాదనవు. ఓట్లు ఆ అమ్మాయికి వేశాం. కాస్త లేచి ఆవిడను పైకి పిలుచు. రామ్మా, రా. చంటిపిల్లను నాకివ్వు, నేనెత్తుకుంటాను. ఆ మైకు కూడా కొంచెం ఆవిడ వైపు జరపండి. నా తర్వాత ఆవిడ మాట్లాడాలి, ఎంత తక్కువైనా ఫర్వాలేదు.

నేను ముగిస్తాను. వచ్చే ఆదివారం నుంచి సాయంత్రం నాలుగింటికి ఈ లైబ్రరీలోనే సభాపర్వం చదువుదాం. పుస్తకం నేను తెస్తాను. పద్యం రాకపోయినా ఫర్వాలేదు, అర్థం చెబుతాను. చదవడం రానివాళ్లు విందురు గాని. ఆడవాళ్లు వంట పని ఉందని ఆగిపోవద్దు, ఒక్క పూట ఇంట్లో వాళ్లు వండుకుంటారు. ప్రాతికామి తిరిగొచ్చి ప్రశ్న చెప్పే చోట మొదలుపెడదాం. ఇందాక మాట్లాడిన పెద్దాయన్ని కూడా రమ్మంటున్నాను. మీరు నా పక్కనే కూర్చోవాలండీ.