కింది ముక్క ఎవరిది?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, బైకు క్లబ్బు ప్రెసిడెంటు గారికి, సెక్రటరీ గారికి, పొద్దున్నే వేడివేడి ఇడ్లీ పెట్టించిన కోశాధికారి గారికి, ఆదివారం నిద్ర మానుకుని వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు... ఎవర్నైనా మర్చిపోతే మనసులో పెట్టుకోకండి.

నాకిచ్చిన విషయం రోడ్డు భద్రత. పావుగంట టైం. కాగితం మీద రాసుకొచ్చాను కూడా. కానీ లోపలికొస్తుంటే గుమ్మం దగ్గర బల్ల మీద మీ కొత్త జాకెట్లు కనబడ్డాయి. వీపు మీద పైన వంపుగా క్లబ్బు పేరు. మధ్యలో పుర్రె. కింద ఇంకో వంపు ముక్క, 'తెలంగాణ' అని. పక్కన చిన్న చదరంలో 'ఎం.సి.', అంటే మోటార్‌సైకిల్ క్లబ్బు. ముందువైపు గుండె మీద, పేకాటలో డైమన్ ఆకారంలో, '1%'. అది చూశాక కాగితం మడిచి జేబులో పెట్టేశాను.

"ఈ ఒక శాతం ఏంటి తమ్ముడూ?" అని అక్కడున్న కుర్రాణ్ని అడిగాను. "నూటికొక్కడు సార్, స్పెషల్ అని" అన్నాడు. పాపం, వాడి తప్పేం లేదు. నెట్‌లో బొమ్మ బాగుంది, ఎంబ్రాయిడరీ మెషీన్‌కి ఎక్కించారు, అంతే.

1947 జులై 4 సెలవులకి కాలిఫోర్నియాలో హాలిస్టర్ అనే ఊళ్లో మోటార్‌సైకిల్ పోటీలు పెట్టారు. ఊళ్లో జనం 4,500 మంది. ఇంచుమించు అంతమందీ బండ్లేసుకుని వచ్చి పడ్డారు. తాగారు, నడివీధిలో రేసులు పెట్టారు. ఖాళీ సీసాల కుప్ప మధ్య బండెక్కి కూర్చున్న లావుపాటి మనిషి ఫొటో 'లైఫ్' పత్రికలో వచ్చేసరికి దేశం హడలిపోయింది. అప్పుడు అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ వాళ్లు "బండ్లు నడిపేవాళ్లలో 99 శాతం మర్యాదస్తులే" అన్నారని చెప్పుకుంటారు. అలా అన్నట్టు మా దగ్గర రికార్డేమీ లేదని ఆ అసోసియేషనే తర్వాత చెప్పింది. అన్నారో లేదో గానీ, ఆ మిగిలిన ఒక శాతం మేమేనని కొన్ని క్లబ్బులు గుండె మీద కుట్టుకున్నాయి. 'అవుట్‌లా' అంటే మొదట్లో ఆ అసోసియేషన్ గుర్తింపు లేని క్లబ్బు, అంతే. తర్వాత్తర్వాత ఆ మాటకి నెత్తురంటింది.

ఇక వీపు సంగతి. ఆ మూడు ముక్కల్నీ కలిపి 'కలర్స్' అంటారు. వంపు ముక్క పేరు రాకర్. పైది క్లబ్బు పేరు, మధ్యది గుర్తు. కిందిది... ఇక్కడ కాస్త వినండి, వెనక వరసలో ఫోన్లు పక్కన పెట్టి వినండి... కిందిది ఊరి పేరు కాదు. 'ఈ నేల మాది' అని. దొడ్డిగోడ మీద పేరు రాసుకున్నట్టు. ఆ మూడూ రావాలంటే ముందు 'ప్రాస్పెక్ట్'గా, అంటే ఇంకా సభ్యత్వం రాని కొత్తవాడిగా, నెలల తరబడి చాకిరీ చెయ్యాలి. మెషీన్‌కి ఎక్కిస్తే వచ్చేవి కావు. వచ్చాక కూడా అవి నీవి కావు, క్లబ్బు సొత్తు. బయటికి పోతే తిరిగిచ్చెయ్యాలి.

నాకెలా తెలుసంటారా? 2006లో నేను టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. చదువుతున్నాను అంటే పగలు క్లాసు, రాత్రి గ్యాస్ స్టేషన్ కౌంటర్. నవ్వకండి, మీలో ఎంతమంది అన్నయ్యలు, బావలు ఆ కౌంటర్ వెనక నిలబడ్డారో ఇంటికెళ్లి అడగండి.

డబ్బులు కూడబెట్టి పాత హోండా రెబెల్ కొన్నాను, 250 సీసీది. మన బుల్లెట్ పక్కన పెడితే మేకపిల్లలా ఉంటుంది. బండి వచ్చాక వేషం ఉండాలి కదా! ఆదివారం సంతలో 25 డాలర్లకి చేతుల్లేని తోలు జాకెట్ దొరికింది. వీపు మీద గద్ద, దాని కింద వంపుగా 'టెక్సాస్'. ఉంటున్నది టెక్సాస్, రాసున్నది టెక్సాస్. వరంగల్ వాడు వరంగల్ అని రాసుకుంటే తప్పేంటి అనుకున్నాను.

అక్టోబర్లో ఒక రాత్రి, ఒంటిగంట దాటింది. మూడు బండ్లొచ్చి ఆగాయి. ముగ్గురిలో పెద్దాయన, తెల్లగడ్డం, మా పెదనాన్న వయసుంటుంది, కాఫీ పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చాడు. నా కుర్చీకి వేలాడుతున్న జాకెట్ చూశాడు. "నీదేనా?" అన్నాడు. గర్వంగా అవునన్నాను. "ఏ క్లబ్బు?" "క్లబ్బేం లేదు సార్, స్టూడెంట్‌ని." ఆయన గొంతు పెంచలేదు. అమ్మకానికి పెట్టిన వాటిల్లోంచి అట్టపెట్టెలు కోసే కత్తి ఒకటి తీశాడు. కాఫీతో పాటు దానికీ డబ్బులిచ్చాడు. రసీదు తీసుకుని, కత్తి నావైపు జరిపాడు. "కింది ముక్క విప్పెయ్ అబ్బాయ్. గద్దని ఉంచుకో."

విప్పాను. నైలాన్ దారం, తోల్లోకి దిగిపోయింది. ఒక్కో కుట్టుకీ మొన గుచ్చి లాగాలి. మొదటి అక్షరం బాగానే ఊడింది, మూడోదానికొచ్చేసరికి బొటనవేలు తెగింది. ఇరవై నిమిషాలు పట్టింది. ముగ్గురూ నోరెత్తలేదు. ఒకాయన చిప్స్ తింటున్నాడు, ఆ కరకర ఇప్పటికీ చెవిలో ఉంది. ముక్క ఊడొచ్చాక పెద్దాయన దాన్ని చాపలా చుట్టి జేబులో వేసుకున్నాడు. వెళ్తూ వేలికి కట్టు కట్టుకోమన్నాడు. జాకెట్ మీద వంపుగా మచ్చ మిగిలింది. ఎండ తగలని చోట తోలు నల్లగా, దాని చుట్టూ సూది బెజ్జాలు. ఆయన ఏ క్లబ్బో చెప్పను. అడగకండి.

చాలా ఏళ్లు దీన్ని నవ్వులాట కథగానే చెప్పాను, మందు పార్టీల్లో. 2015 మే 17న, అప్పటికి ఇక్కడికొచ్చేశాను, టీవీ పెడితే టెక్సాస్‌లోని వేకో. హోటల్ పార్కింగ్‌లో బాండిడోస్, కోసాక్స్ అనే రెండు బైకు క్లబ్బుల మధ్య కాల్పులు. 1966 నుంచీ టెక్సాస్ మాదే అంటారు బాండిడోస్. వాళ్లని అడక్కుండా కోసాక్స్ 'టెక్సాస్' అనే కింది ముక్క కుట్టుకున్నారన్నది గొడవకి చెప్పిన కారణాల్లో ఒకటి. 9 మంది పోయారు. కొందరికి తగిలినవి పోలీసు తూటాలే. 177 మందిని పట్టుకుపోయారు. ఒక్కడికీ శిక్ష పడలేదు, 2019లో కేసులన్నీ ఎత్తేశారు. ఆ రోజు టీవీ ముందు కూర్చుని నా బొటనవేలు చూసుకున్నాను.

వీరగాథ చెప్తున్నాననుకోకండి. కెనడాలో క్విబెక్ క్లబ్బుల యుద్ధం 1994 నుంచి 2002 దాకా నడిచింది, 160 మందికి పైగా పోయారు. 1995లో మాంట్రియల్‌లో కారు బాంబుకి బలైనవాడు 11 ఏళ్ల పిల్లాడు. వాడికే క్లబ్బూ లేదు.

ఇంకోటి. మంగోల్స్ అనే క్లబ్బు ప్యాచ్‌ని, అంటే వీపు మీది గుర్తుని, ట్రేడ్‌మార్క్ కింద జప్తు చేస్తామని అమెరికా ప్రభుత్వం 2008లో మొదలెట్టింది. జప్తయితే రోడ్డు మీద ఆపి వీపు మీంచి ఊడబీకొచ్చు. పదేళ్లు కొట్లాడింది. క్లబ్బు నేరం రుజువైంది గానీ, జప్తు భావప్రకటన స్వేచ్ఛకి విరుద్ధమని జడ్జి 2019లో కొట్టేశాడు. 2023లో పైకోర్టూ జప్తు కుదరదంది. అమెరికా ప్రభుత్వం పదేళ్లలో ఊడదియ్యలేనిది ఆ ముసలాయన నాచేత ఇరవై నిమిషాల్లో ఊడదీయించాడు!

"హైదరాబాద్‌లో ఎవడొస్తాడు సార్ అడగడానికి?" అంటారు. ఎవడూ రాడు. కానీ మీలో ముగ్గురికి వీసాలొచ్చాయని ఇందాక ప్రెసిడెంటు గారే చప్పట్లు కొట్టించారు. ఆ ముగ్గురూ ఏం చేస్తారో నాకు తెలుసు. సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన ఈ జాకెట్ మడిచి పెట్టుకుంటారు. అమ్మా, నువ్వు డల్లాస్‌కేగా? నీ జాకెట్ ఇలా ఇవ్వు, చూస్తాను.

చూశారా, మనవాడు డబుల్ కుట్టేశాడు. మంచి పనివాడు. విప్పడానికి గంట పడుతుంది. ముందు డైమన్, తర్వాత కింది ముక్క. తోలు కాదు కాబట్టి వేలు తెగదులే. పుర్రె ఉంచుకో, దాంతో ఎవరికీ పేచీ లేదు... కాదు కాదు, ఉంది. రెక్కల పుర్రె హెల్స్ ఏంజెల్స్ అనే క్లబ్బుది. దాన్ని ఉంగరాల మీద, బ్యాగుల మీద వేశారని 2010లో పెద్ద ఫ్యాషన్ కంపెనీ మీదే కేసేశారు. దీనికి రెక్కలున్నాయా? లేవు. సరే, ఉంచుకో.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. రోడ్డు భద్రత: హెల్మెట్ పెట్టుకోండి, కింద బకిల్ కూడా పెట్టుకోండి. ఎవరి దగ్గరైనా బ్లేడుందా?