హ్యాండిల్ లేని తలుపు, ఆవిరి పట్టిన కిటికీ

స్క్రీన్ మీదున్న బొమ్మ ఒకసారి చూడండి. ఒక గది. అందులో కుర్చీ లేదు, బల్ల లేదు, గోడకి ఒక క్యాలెండర్ కూడా లేదు. ఒక కిటికీ, దాని పక్కన ఒక తలుపు, కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండ, ఆ ఎండలో తేలుతున్న దుమ్ము. అంతే. డెన్మార్క్ చిత్రకారుడు విల్‌హెల్మ్ హామర్స్‌హోయ్ 1900లో వేసిన తైలవర్ణ చిత్రం ఇది. ఎండలో ఆడుతున్న ధూళికణాలు అని దీనికి పేరు.

ఇప్పుడు ఆ తలుపు దగ్గరికి జూమ్ చేస్తున్నాను. హ్యాండిల్ ఎక్కడుంది? లేదు. ఎంత వెతికినా కనపడదు. అంటే ఈ గదిలోంచి బయటికి వెళ్లడానికి ఒక తలుపు ఉంది గానీ, దాన్ని తెరిచే మార్గం లేదు. ఈ బొమ్మ చూపించగానే చాలామంది "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు. నాకు మాత్రం ఎప్పుడూ ప్రశాంతంగా అనిపించలేదు. ఇందులో నిశ్శబ్దం ఉంది, నిజమే. కానీ నిశ్శబ్దం వేరు, ప్రశాంతత వేరు. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆ తేడా గురించే. ఇద్దరు మనుషులు, ఇద్దరూ తమ ఇంటినే ఏళ్ల తరబడి చూస్తూ కూర్చున్నవాళ్లు. ఒకరు చిత్రకారుడు, ఇంకొకరు ఫొటోగ్రాఫర్.

హామర్స్‌హోయ్ 1864లో కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. 1891లో ఈడా అనే ఆవిడని పెళ్లి చేసుకున్నాడు. 1898 నుంచి 1909 వరకు ఇద్దరూ స్ట్రాండ్‌గేడ అనే వీధిలో 30వ నంబరు ఇంట్లో ఉన్నారు. పదిహేడో శతాబ్దపు పాత ఇల్లు. మనం ఈయనవిగా గుర్తుపట్టే బొమ్మల్లో చాలా భాగం ఆ ఇంటి గదులే. అదే సోఫా, అదే గుండ్రటి బల్ల, అదే తెల్ల తలుపులు. ఒక బొమ్మలో ఈ గోడకి ఉన్న సామాను ఇంకో బొమ్మలో ఆ గోడకి చేరుతుంది. ఒక్కో బొమ్మలో సగం సామాను మాయం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో యూరప్‌లో డబ్బున్నవాళ్ల ఇళ్లంటే బరువైన కర్టెన్లు, కుండీలు, గోడల నిండా ఫ్రేములు. సరిగ్గా అదే కాలంలో పక్కనున్న స్వీడన్‌లో కార్ల్ లార్సన్ అనే చిత్రకారుడు కూడా తన ఇంటినే గీస్తున్నాడు. ఆయన బొమ్మల్లో పిల్లలు, పూలు, ఎర్రరంగు కుర్చీలు, భోజనాల బల్ల దగ్గర సందడి. జనం ఎగబడి చూశారు. హామర్స్‌హోయ్ తన ఇంట్లోంచి అవన్నీ తీసేశాడు. గదిలో వస్తువులు తీసేశాడు, రంగులు తీసేశాడు, చివరికి తలుపు హ్యాండిల్ కూడా తీసేశాడు. మిగిలింది బూడిద రంగు. కానీ అది ఒకే బూడిద రంగు కాదు. కాస్త నీలం కలిసింది, కాస్త గోధుమ కలిసింది, వెన్నలా పసుపు తిరిగింది, ఇలా బోలెడు. ఫోన్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచేస్తే ఇవన్నీ ఒక్కటైపోతాయి. కాస్త తగ్గించి చూడండి.

ఇది ఇంకో బొమ్మ, 1904 ప్రాంతంలో వేసింది. ఈడా వెనక్కి తిరిగి నిలబడి ఉంది. నల్ల గౌను, జుట్టు పైకి ఎత్తి ముడి వేసుకుంది, మెడ వెనక భాగం కనిపిస్తోంది. ఎడమ చేతిలో ఒక ట్రే, నడుముకి ఆనించి పట్టుకుంది. ఎడమ వైపు మూత ఉన్న పింగాణీ గిన్నె. ఆవిడ ఇప్పుడే ఏదో సర్ది వచ్చిందా, సర్దబోతోందా? మనకి తెలియదు. మొహం చూపించలేదు. హామర్స్‌హోయ్ చాలా బొమ్మల్లో ఈడా ఇలాగే వీపు చూపిస్తూ ఉంటుంది. భార్య మొహం చూపించకుండా ఆవిడ ఏం ఆలోచిస్తోందో అని మనల్ని ఆలోచింపజేయడం, ఇది అంతర్ముఖత్వం గురించి ఎవరైనా చేసిన తెలివైన పనుల్లో ఒకటి అని నా అభిప్రాయం. మొహం గీసి ఉంటే "పాపం, దిగులుగా ఉంది" అని ఒక మాట అనేసి ముందుకెళ్లిపోయేవాళ్లం.

1907లో ఒక ఇంటర్వ్యూలో ఆయన్ని అడిగితే, తనని లాగేది ముందు ఆ దృశ్యంలోని గీతలు, తర్వాత వెలుతురు అని చెప్పాడు. బాధ, ఒంటరితనం లాంటి మాటలేవీ కాదు. తలుపు చట్రం నిలువు గీత, గోడ కింది చెక్కపట్టీ అడ్డగీత, కిటికీ చతురస్రాలు. ఆయన చాలా ఊళ్లు తిరిగాడు కూడా. లండన్ వెళ్లి బ్రిటిష్ మ్యూజియం పక్క వీధి గీశాడు. అంత పెద్ద నగరంలో, ఆ బొమ్మలో ఒక్క మనిషి లేడు! ఎక్కడికెళ్లినా తన ఇంటి గదిని వెంటబెట్టుకుని వెళ్లాడన్నమాట.

సరే, రెండో మనిషి దగ్గరికి వద్దాం. యోసెఫ్ సుడెక్, 1896లో బొహీమియాలోని, అంటే ఇప్పటి చెక్ దేశంలోని, కొలీన్‌లో పుట్టాడు. పుస్తకాలు బైండింగ్ చేసే పని నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ వైపు పంపారు, అక్కడ గాయపడితే కుడి చెయ్యి భుజం దాకా తీసేశారు. ఒక్క చేత్తో బైండింగ్ కుదరదు. అలా ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. అదీ ఏ చిన్న కెమెరాతోనో కాదు. పెద్ద చెక్క కెమెరా, స్టాండు భుజాన వేసుకుని తిరిగేవాడు.

1926లో జరిగిన ఒక సంఘటన గురించి తర్వాతి రోజుల్లో ఆయనే చెప్పుకున్నాడు. సంగీతకారులైన స్నేహితులు ఇటలీలో కచేరీలకి వెళుతూ ఆయన్ని కూడా తీసుకెళ్లారు. ఒక రాత్రి కచేరీ మధ్యలో ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్లిపోయాడు. చీకట్లో నడుచుకుంటూ తను గాయపడిన చోటు వెతుక్కున్నాడు. గాయపడ్డాక తనని చేర్చిన రైతు ఇల్లు అలాగే ఉంది. చెయ్యి మాత్రం దొరకలేదు. రెండు నెలల తర్వాత గానీ ప్రాగ్ చేరలేదు. ఆ తర్వాత ఇక ఎక్కడికీ వెళ్లలేదని ఆయనే అన్నాడు. మరుసటి ఏడాదే, 1927లో, ప్రాగ్‌లో ఊయెజ్ద్ వీధిలో ఒక పెరట్లో ఉన్న చిన్న చెక్క స్టూడియోలోకి మారాడు. దాని నంబరు కూడా 30. కాకతాళీయమే, కానీ నాకు నచ్చింది.

1939లో జర్మన్ సైన్యం ప్రాగ్‌ని ఆక్రమించుకుంది. అంత పెద్ద కెమెరా పట్టుకుని వీధుల్లో తిరిగితే అనుమానం, టెన్షన్. 1940లో సుడెక్ తన స్టూడియో కిటికీని తీయడం మొదలుపెట్టాడు. 1954 వరకు తీస్తూనే ఉన్నాడు. అదే కిటికీ, బయట అదే వంకర ఆపిల్ చెట్టు. చలికాలం అద్దం మీద మంచు పూలు పూసినట్టు గడ్డకడుతుంది, ఇంకోరోజు ఆవిరి పట్టి చెట్టు మసకగా కనిపిస్తుంది, ఇంకోరోజు నీటి చుక్కలు కిందికి జారిన గీతలు. కొన్నిసార్లు కిటికీ గట్టు మీద ఒక గ్లాసు, దాంట్లో ఒక కొమ్మ. బయట యుద్ధం నడుస్తోందని ఈ ఫొటోల్లో ఒక్క గుర్తు కూడా లేదు. అయితే ఆ అద్దానికి ఇవతలే ఎందుకు ఉన్నాడో తెలిశాక, ఆవిరిని మామూలు ఆవిరిలా చూడటం నా వల్ల కాలేదు.

టెక్నిక్ గురించి ఒక ముక్క చెప్పాలి. 1940లోనే ఆయన ఒక పాత శిల్పం కాంటాక్ట్ ప్రింట్ చూశాడు. అంటే నెగటివ్‌ని నేరుగా కాగితం మీద ఆనించి, అదే సైజులో ప్రింట్ తీయడం. పెద్దది చేసే ఎన్‌లార్జర్ అక్కర్లేదు. అందులో శిల్పం రాయి గరుకుదనం ఎంత బాగా కనిపించిందో చూసి, ఇక ఎన్‌లార్జ్‌మెంట్లు వద్దనుకున్నాడు. అందుకే ఈ ప్రింట్లు చిన్నగా ఉంటాయి, దగ్గరికెళ్లి చూడాలి. నలుపులో కూడా నలుపులు కనిపిస్తాయి. హామర్స్‌హోయ్ బూడిద రంగుతో చేసింది ఈయన ఫొటో కాగితం మీది వెండి రసాయనంతో చేశాడు.

ఒక తేడా మాత్రం ఉంది. చిత్రకారుడికి హ్యాండిల్ నచ్చకపోతే గీయడం మానేస్తే సరి. ఫొటోగ్రాఫర్‌కి ఆ వీలు లేదు. సుడెక్ ఏదీ చెరపలేడు, అద్దం తనంతట తాను చెట్టుని చెరిపేదాకా కాచుకుని కూర్చోవాలి. ఇంకా తమాషా ఏంటంటే, ఆ ఖాళీ కిటికీకి ఎదురుగా, అంటే కెమెరా వెనకాల, ఆయన స్టూడియో ఒక చెత్తకుప్ప. కాగితాల దొంతరలు, ఉత్తరాలు, తాళ్లు, పెట్టెలు, రికార్డులు, కాలు పెట్టడానికి చోటుండేది కాదు. తర్వాత ఆ గందరగోళాన్ని కూడా ఫొటోలు తీశాడు. ఇప్పుడు యూట్యూబ్‌లో హోమ్ టూర్లు చూస్తుంటాం కదా, లేత రంగు గోడ, ఒక కుండీ, మీద ఒక లైటు, "మినిమల్" అంటారు. కెమెరా వెనక ఉతకని బట్టలు ఎన్ని ఉన్నాయో ఎవరూ చూపించరు. సుడెక్ చూపించాడు.

హామర్స్‌హోయ్ 1916లో చనిపోయాడు. చివరి ఏళ్లలో మళ్లీ అదే వీధికి, పాత ఇంటికి ఎదురుగా ఉన్న 25వ నంబరు ఇంటికి వచ్చి చేరాడు. సుడెక్ 1976 దాకా బతికాడు. ఆయన చెక్క స్టూడియో తర్వాత కాలిపోతే, అదే చోట మళ్లీ కట్టి గ్యాలరీగా నడుపుతున్నారు. ప్రాగ్ వెళ్లే తెలుగువాళ్లు ఈ మధ్య చాలామందే ఉన్నారు, చార్ల్స్ బ్రిడ్జి మీద సెల్ఫీలు అయ్యాక అక్కడికి నడిచి వెళ్లొచ్చు, దూరమేం కాదు.

ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడిగితే చెప్పలేను. ఎవరింట్లో వారం రోజులు ఉంటావు అని అడిగితే మాత్రం తడుముకోకుండా సుడెక్ పేరే చెబుతాను. స్నేహితుల్ని పిలిచి వారం వారం గ్రామఫోన్ రికార్డులు పెట్టేవాడట, ఆ చెత్త మధ్యలోనే. స్ట్రాండ్‌గేడ ఇంట్లో నేను రెండో రోజుకే ఆ తలుపు హ్యాండిల్ ఎక్కడుందని ఈడా గారిని అడిగేస్తాను. మీరైతే ఏ ఇల్లు?