నూటికి ఎంత పడతాదిరా?

అందరికీ నమస్కారం. పని దినమైనా ఇంతమంది వచ్చారు, సంతోషం. ముందు వరుసలో రిటైరైన పెద్దలున్నారు, వెనక నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరి మొదటి జీతం అందుకున్న పిల్లలున్నారు. ఆ పిల్లల్లో కొందరికి ఫోన్లో ఇప్పటికే ‘మీకు లక్షన్నర లిమిట్ మంజూరైంది’ అని మెసేజీలు వచ్చే ఉంటాయి. క్రెడిట్ కార్డు తీసుకోవాలా, లేకుండా బతకొచ్చా అన్నది మాట్లాడమన్నారు. నేను బ్యాంకు ఉద్యోగిని కాను. ఇక్కడే విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారిని. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే ఈ విషయంలో రెండు వైపులా నా ఇంట్లోనే చూశాను, అదీ ఒకే ఏడాదిలో.

2019 జనవరి. రాత్రి పదకొండు దాటాక మా నాన్నగారికి గుండెలో పట్టేసినట్టయింది. ఇక్కడ డాక్టరుగారు చూసి, ఆలస్యం చెయ్యకుండా విశాఖ తీసుకెళ్లిపోండి అన్నారు. అరవై కిలోమీటర్లు. అంబులెన్సులో నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నాను గానీ నా బుర్రంతా డబ్బు చుట్టూనే తిరుగుతోంది, అది చెప్పడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి, ముందు 60 వేలు కట్టండి సార్ అంది. టైము ఒంటిగంటన్నర. ఇన్సూరెన్సు లేదు. ఏటీఎంలో రోజుకి ఇంత అని పరిమితి, అకౌంట్లో అంత ఉంటే కదా అదైనా. మా అప్పకి, బావకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, పాపం నిద్రలో ఉన్నారు. పర్సులో ఎప్పుడో తీసుకున్న క్రెడిట్ కార్డు ఉంది. గీకాను. మిషన్ చిన్న చప్పుడు చేసి స్లిప్పు బయటికి తోసింది. రెండు నిమిషాల్లో నాన్నని లోపలికి తీసుకెళ్లారు.

ఆయన బతికారు. అందుకే కార్డు అంటే విషం, విరిచి పారెయ్యండి అని నేను చెప్పలేను. ఆ రాత్రి ఒంటిగంటన్నరకి ఒక్క సంతకం కూడా అడక్కుండా అప్పిచ్చింది అదొక్కటే.

తర్వాత సంగతి వినండి. స్టెంటు, మందులు, గది, అన్నీ కలిపి కార్డు మీద పడింది లక్షా 60 వేలు. నెల తిరిగేసరికి బిల్లు వచ్చింది. అందులో రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది కనీసం కట్టాల్సింది, మినిమం డ్యూ అంటారు. నాకు లక్షా 60 వేలు చూస్తే గుండె దడ, పక్కన ఎనిమిది వేల చిల్లర చూస్తే ప్రాణం కుదుటపడింది. ఎనిమిది వేలంటే కట్టగలను కదా అనుకున్నాను. కట్టాను. నెలనెలా తేదీ తప్పకుండా, ఒక్క రోజు లేటు లేకుండా కట్టాను. పదకొండు నెలలు.

ఆ పదకొండు నెలల్లో కట్టింది దాదాపు 87 వేలు. బాకీ ఇంకా ఎంతుందో తెలుసా? లక్షా 42 వేలు. అంటే 87 వేలు పోస్తే అసలు తగ్గింది 18 వేలు.

అప్పటికి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు రాత్రి బిల్లు ముందేసుకుని కూర్చుంటే మా అమ్మ చూసింది. మా అమ్మది నెల్లిమర్ల పక్క పల్లె, సంతకం తప్ప రాయడం రాదు. ఏట్రా అది అంది. చెప్పాను. అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది: ‘నూటికి ఎంత పడతాదిరా?’

నేను జవాబు చెప్పలేకపోయాను. పిల్లలకి చక్రవడ్డీ పాఠం చెప్పే మనిషిని, పదకొండు నెలలుగా నా వడ్డీ రేటు నేను లెక్క కట్టుకోలేదు. బిల్లు వెనక్కి తిప్పితే సన్న అక్షరాల్లో ఉంది, నెలకు 3.5 శాతం. దాని మీద జీఎస్టీ 18 శాతం. కాగితం మీద వేసి చూపించాను, నూటికి నెలకు నాలుగు రూపాయల పదమూడు పైసలు. మా అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ‘నాలుగు రూపాయల వడ్డీ మన వీధిలో ఎవులూ తియ్యరు కదరా’ అంది. లోపలికెళ్లి గాజులు, గొలుసు గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. మర్నాడు బ్యాంకులో తాకట్టు పెడితే నూటికి ఎనభై పైసలు పడింది. కార్డు బాకీ ఒక్కదెబ్బకి కట్టేశాను. అదే ఎనిమిది వేలు నెలనెలా బంగారం అప్పుకి కట్టుకుంటూ పోతే, మధ్యలో ఒకసారి రెన్యువల్ చేయించి, ఇరవై నెలల్లో మొత్తం తీరిపోయింది. జీతం అదే, కట్టిన మనిషీ అతనే. మారింది వడ్డీ ఒక్కటే.

ఈ రోజు మీకు నేను చెప్పదలచుకున్నది అమ్మ అడిగిన ఆ ప్రశ్నే. మన ఊళ్లలో వడ్డీని ఎవరూ ‘సంవత్సరానికి 42 శాతం’ అని చెప్పుకోరు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటారు. రూపాయిన్నర అంటే సరేలే అంటారు, మూడంటే ముఖం చిట్లిస్తారు, ఐదంటే వాడి గుమ్మం తొక్కొద్దంటారు. అదే కార్డు మీద మూడున్నర అయితే మాత్రం ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే ఎవరూ అలా అడగరు.

కార్డులో ఉన్న మెలిక ఇది. గడువులోగా మొత్తం కట్టేస్తే అది చేబదులు. పక్కింటివాళ్ల దగ్గర తెచ్చుకుని జీతం రాగానే ఇచ్చేసినట్టు, పైసా వడ్డీ ఉండదు. బిల్లు 5వ తేదీన తయారై, కట్టడానికి 25 దాకా గడువు ఉందనుకోండి, 6వ తేదీన కొన్న వస్తువుకి దాదాపు యాభై రోజులు వడ్డీ లేదు. కానీ అందులో వెయ్యి రూపాయలు మిగిల్చినా సరే, ఆ చేబదులు కాస్తా వడ్డీ అప్పు అయిపోతుంది. అదీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, పాత బాకీ ఉండగా కొత్తగా కొన్న వాటికి కూడా ఆ యాభై రోజుల సౌకర్యం పోతుంది. ఈరోజు పాల ప్యాకెట్ కొంటే ఈరోజు నుంచే వడ్డీ. కార్డుతో ఏటీఎంలో క్యాష్ తీస్తే మామూలుగానే మొదటి రోజు నుంచి వడ్డీ, పైగా తీసినందుకు ఫీజు.

మినిమం డ్యూ మాత్రమే కడితే బాకీ నెలలూ సంవత్సరాలూ సాగుతుందని బిల్లు మీదే హెచ్చరిక వెయ్యాలని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లో పెట్టింది. వేస్తున్నారు కూడా. ఆ వాక్యం చదవండి, అది మీకోసం రాసిందే. వడ్డీ 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది గానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఆ గొడుగు మీ నెత్తి మీద లేదు.

మరి అసలు కార్డే లేకుండా ఉంటే? హాయిగా ఉండొచ్చు. మా బాబాయికి కోట జంక్షన్ అవతల కిరాణా కొట్టు, జీవితంలో కార్డు పట్టుకోలేదు. ఉంటే కొంటాడు, లేకపోతే వచ్చే నెల చూద్దాం అంటాడు. దసరా వెళ్లిన మంగళవారం మన పైడితల్లమ్మ సిరిమాను పండగ, ఆ పది రోజులూ ఊళ్లో ప్రతి ఇంటికీ చుట్టాలే, బట్టలు, పిండివంటలు, ఖర్చు మామూలుగా ఉండదు. మా బాబాయి దాని కోసం ఉగాది నుంచే నెలకింత తీసి పక్కన పెడతాడు. చేతిలోంచి నోటు వెళ్తుంటే తెలుస్తుంది, కార్డు గీకితే తెలియదు అంటాడు. నా అనుభవంలో అది నూటికి నూరుపాళ్లు నిజం.

ఆ బాబాయి కొట్టులో చూసినది ఒకటి చెప్పాలి. 2014 అక్టోబరు, హుద్‌హుద్ తుపాను. మీ అందరికీ గుర్తే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు చీకటి. నా జేబులో రెండు కార్డులున్నాయి, రెండూ వట్టి ప్లాస్టిక్ ముక్కలే. బాబాయి సగం తలుపు తీసి, కొవ్వొత్తి వెలుగులో పొడుగాటి పద్దు పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. బియ్యం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బిస్కెట్లు. పేరు, ఏం తీసుకున్నారు, ఎంత, అంతే రాసుకుంటున్నాడు. ఒకావిడ వర్షంలో తడిసి వచ్చి, డబ్బుల్లేవు అనబోతే, డబ్బు సంగతి తర్వాత తల్లీ, పిల్లలకేం కావాలో చెప్పు అన్నాడు. ఆ ఖాతా బాకీలు సంక్రాంతిలోపు దాదాపు అన్నీ వసూలయ్యాయి. నాలుగేళ్లకి తిత్లీ వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు కూడా చీకటి రాత్రులు ఇలాగే గడిచాయి. కార్డు ఉన్నవాళ్లయినా సరే, ఇంట్లో పది రోజుల ఖర్చుకి సరిపడా నోట్లు ఉంచుకోండి. మనది తుపాన్ల సీమ.

అయితే లేనివాళ్లకి నష్టం లేదనను. బాబాయి కొడుకు ఇంటి లోనుకి వెళ్తే, అప్పు చరిత్ర ఏమీ లేదు, ఎలా నమ్మాలి అని నెల రోజులు తిప్పారు. అప్పు ఎగ్గొట్టినవాడికీ, అసలు అప్పే చెయ్యనివాడికీ ఒకేలా ప్రశ్నలు వెయ్యడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ పద్ధతి అలా ఉంది. మన అప్పు చరిత్రకి వేసే మార్కులే సిబిల్ స్కోరు, అది 300 నుంచి 900 దాకా ఉంటుంది, కార్డు వాడి టైముకి మొత్తం కట్టేవాళ్లకి అది నెమ్మదిగా పెరుగుతుంది. లిమిట్‌లో మూడోవంతు దాటకుండా వాడితే ఇంకా మంచిది. బ్యాంకులో బంగారం అప్పు సరిగ్గా తీర్చినా స్కోరులోకి వస్తుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంకో లాభం, మోసం జరిగినప్పుడు. డెబిట్ కార్డుతోనో యూపీఐతోనో పోతే పోయింది మన అకౌంట్లో డబ్బు, అది తిరిగొచ్చేదాకా ఇల్లు గడవాలి. క్రెడిట్ కార్డులో పోయింది ముందు బ్యాంకు డబ్బు, మనం ఆ పద్దు నాది కాదు అని వాదించుకోవచ్చు. మన తప్పేమీ లేకుండా పోతే, తెలిసిన మూడు పనిరోజుల్లోపు బ్యాంకుకి చెబితే మన మీద భారం ఉండదు. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం ఆ రక్షణ ఉండదు. అలా జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి.

కార్డు మన తెలుగువాళ్లకి కొత్త వస్తువేం కాదు. పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది, దేశంలో ముందుగా తెచ్చినవాటిలో అదొకటి. అప్పట్లో కార్డు రావడమే కష్టం. ఇప్పుడు వద్దన్నా వెంటపడుతుంది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపారు, టీ కొట్టు దగ్గర స్కాన్ చేసినా అప్పులోంచే వెళ్తుంది. పది రూపాయల టీ అప్పు మీద తాగుతున్నామని ఆ నిమిషంలో ఎవరికి గుర్తుంటుంది? నామటుకు నేను ఆ రెండూ కలపలేదు, మీకూ వద్దనే చెబుతాను.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయి, ఇప్పుడు పాతికేళ్లు. చెల్లి పెళ్లికి ఒక కార్డు మీద, దాన్ని కట్టడానికి ఇంకో కార్డు, తెలిసిన షాపులో గీకి క్యాష్ తీసుకోవడం, నూటికి రెండున్నర కమీషన్. రొటేషన్ అంటారు దాన్ని. నాలుగు కార్డులయ్యాయి. తెల్లవారుజామున ఫోన్లు, వాళ్ల నాన్నకి ఫోన్లు, ఆఫీసులో పక్కసీటు వాడికి ఫోన్లు. నా దగ్గరికొచ్చి, మాస్టారూ, ఊళ్లోకి రావాలంటే భయమేస్తోంది అన్నాడు. ఇద్దరం కూర్చుని బ్యాంకులకి ఉత్తరాలు రాశాం. వసూలు ఫోన్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత చెయ్యకూడదు. బెదిరించకూడదు, అప్పు సంగతి చుట్టాలకీ స్నేహితులకీ చెప్పి పరువు తియ్యకూడదు. ఇవి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు. బ్యాంకుకి ఫిర్యాదు చేసి 30 రోజుల్లో సమాధానం రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఆ అబ్బాయి ఇప్పటికి మూడు కార్డులు మూసేశాడు, నాలుగోది కడుతున్నాడు. మూసెయ్యమంటే బ్యాంకులు నాన్చడానికి వీల్లేదు, బాకీ లేకపోతే ఏడు పనిరోజుల్లో మూసెయ్యాలి, లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 500 మీకే ఇవ్వాలి.

నా అభిప్రాయం అడిగితే, జీతం నెలాఖరుకి కొంచెమైనా మిగిలేవాళ్లు ఒక్క కార్డు ఉంచుకోవచ్చు, లిమిట్ ఒక నెల జీతానికి మించకుండా, మొత్తం బాకీ అకౌంట్లోంచి దానంతటదే కట్ అయ్యేలా పెట్టుకుని. ఇప్పుడు నా దగ్గర ఉన్నది అలాంటిదే. ఇరవయ్యో తారీకుకే చెయ్యి ఖాళీ అయ్యేవాళ్లు తీసుకోకండి. లిమిట్ చూస్తే డబ్బున్నట్టే ఉంటుంది, అది మీ డబ్బు కాదు. ఇప్పటికే బాకీలో ఉన్నవాళ్లు మాత్రం మినిమం కడుతూ కూర్చోకండి. ఇంట్లో చెప్పండి. బంగారం ఉంటే బంగారం, పర్సనల్ లోను దొరికితే పర్సనల్ లోను, మామూలుగా కార్డు వడ్డీ కంటే తక్కువే పడుతుంది, దాంతో ముందు కార్డు తీర్చి, తీరేదాకా కార్డు బయటికి తియ్యకండి. నేను పదకొండు నెలలు దాచినందుకు నష్టపోయింది 69 వేలు, అమ్మకి మొదటి నెలే చెప్పి ఉంటే అందులో ఎక్కువ భాగం మిగిలేది.

గాజులు విడిపించి తెచ్చిన రోజు మా అమ్మ వాటిని తొడుక్కోలేదు. మళ్లీ అదే గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది, అవసరం చెప్పి రాదు కదరా అని.

బిల్లులు తెచ్చుకోమని ముందే చెప్పాం కదా, తెచ్చినవాళ్లు ఇటు బల్ల దగ్గరికి రండి. ఫోన్లో ఉన్నా పర్వాలేదు. నూటికి ఎంత పడుతోందో ఒక్కొక్కరిదీ కూర్చుని లెక్క వేద్దాం.